బారువ దగ్గర మునిగిన ఓడ: చూడాలంటే ఎప్పుడు దిగాలి?

[దృశ్యం: బారువ తీరం. ఇసుక మీద పడవలు, వెనక కొబ్బరి తోటలు]

ఈజిప్టులో, ఎర్ర సముద్రం ఒడ్డున దహబ్ అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు బెడూయిన్లనే ఎడారి సంచార జాతివాళ్ల పల్లె. ఇప్పుడు డైవర్లు, భుజాన బ్యాగు తగిలించుకుని దేశాలు తిరిగే కుర్రాళ్లు వారానికని వెళ్లి నెలల తరబడి ఉండిపోతారు.

మన శ్రీకాకుళం జిల్లా బారువలోనూ మంచి తీరం ఉంది. పైగా 1917లో మంటలంటుకుని పాడైన చిల్కా అనే ఆవిరి ఓడ ఇక్కడే నీళ్లలో ఉంది. మన తీరం నుంచి జనం రంగూన్‌కి కూలికి ఓడలెక్కి వెళ్లిన కాలమది.

మరి డైవర్లు ఇక్కడికి ఎందుకు ఎగబడరు? హోటళ్లు తక్కువంటారు. నిజమే కానీ, నన్నడిగితే అసలు తేడా నదుల్లో ఉంది.

[గ్రాఫిక్: ఎర్ర సముద్రం, బంగాళాఖాతం పక్కపక్కన]

ఎర్ర సముద్రంలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ కలవదు. వానలూ తక్కువే. మట్టి రాదు, నీళ్లు తేటగా ఉంటాయి. పగడపు దిబ్బలు పెరిగేదీ అందుకే. బారువ దగ్గరేమో మహేంద్రతనయ సముద్రంలో కలుస్తుంది. ఉత్తరాన బాహుదా, దక్షిణాన వంశధార, నాగావళి. వానాకాలంలో ఇవన్నీ తెచ్చే ఒండ్రుకి, అలలు లేపే ఇసుక తోడవుతుంది. అప్పుడు దిగుతామంటే ఒడ్డున పెద్దాయన ఎవరైనా "ఏటి కనబడతాది బాబూ, అంతా బురదే" అనేస్తారు.

కాబట్టి వానలు, తుఫాన్లు వెళ్లాక చూసుకోవాలి. చలికాలం చివరి నుంచి ఎండలు ముదిరేలోపు నయం. అప్పుడు కూడా దహబ్ తేటదనం ఆశించకండి. ఓడ ఎక్కడుందో వేటకెళ్లేవాళ్లని అడగండి. ఇలాంటి చోట చేప చేరుతుంది, వల తగులుకుంటుంది, అందుకే వాళ్లకి గుర్తు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర బోట్లకి వేట నిషేధం, పడవ సంగతి ముందే మాట్లాడుకోండి.

[యానిమేషన్: పైకి వస్తున్న డైవర్, ఊపిరితిత్తులు]

లోతు పెద్దగా లేదు కదా అని ధీమా వద్దు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చేస్తే లోపలి గాలి రెట్టింపు ఉబ్బాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. ఈ ప్రమాదం తక్కువ లోతులోనే ఎక్కువ. శిక్షణ ఇచ్చేవాళ్లు విశాఖలో ఉన్నారు, అక్కడ నేర్చుకున్నాకే ఇక్కడికి రండి. తుప్పుపట్టిన రేకులు చెయ్యి కోస్తాయి, ఓడ లోపలికి దూరొద్దు. వందేళ్లు దాటిన ఓడది, గుర్తుగా మేకు కూడా పీకి తేకండి.

[దృశ్యం: రాత్రి తీరం, లైట్లు లేకుండా]

సరిగ్గా దిగడానికి నయమన్న ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఒక్కో తాబేలు వంద దాకా పెడుతుంది. టార్చి వెలుగు పడితే బెదిరి వెనక్కి పోతుంది. ఇసుక మీద టెంట్ వేసి పాటలు పెట్టుకునే ప్లాన్ ఉంటే మానుకోండి.

రైలుకైతే సోంపేట అని టికెట్ తీసుకోండి. ఆ స్టేషన్ ఉండేది కంచిలిలో, దిగాక కంగారు పడకండి. అక్కడి నుంచి బారువకి రోడ్డు మీద వెళ్లిపోవచ్చు.