ఆ చెక్కు ఎవరి ఇంటికి వచ్చింది?

శ్రోతలకు నమస్కారం.

2008 మార్చి నెల. నేనప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్నాను. పక్క అపార్ట్‌మెంట్‌లో మన తెలుగువాళ్లే, భార్యాభర్తలు, అక్కడే పుట్టిన ఏడాదిన్నర పాప. ఒక సాయంత్రం ఆయన పోస్టు డబ్బాలోంచి తీసిన కవరు పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చాడు. అది ఐఆర్‌ఎస్ నుంచి, అంటే అక్కడి పన్నుల శాఖ నుంచి వచ్చింది. ఆ పేరు కవరు మీద కనబడితే ఎవరికైనా గుండెల్లో రాయి పడుతుంది. కానీ లోపల ఉన్నది నోటీసు కాదు, శుభవార్త. ప్రభుత్వం మీకు డబ్బు పంపే అవకాశం ఉందని రాశారు. "అన్నా, మా ముగ్గురికీ కలిపి పదిహేను వందల డాలర్లు. వెంటనే సోఫా కొనేస్తాం" అన్నాడు. అప్పటిదాకా వాళ్లింటికి వెళ్తే నేల మీద పరిచిన పరుపు మీదే కూర్చునేవాళ్లం.

సోఫా సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ డబ్బు సంగతి.

అప్పటికి అమెరికాలో ఇళ్ల ధరలు పడిపోతున్నాయి, అప్పులిచ్చిన బ్యాంకులు బిగుసుకుంటున్నాయి. మాంద్యం 2007 డిసెంబరులోనే మొదలైందని ఆర్థికవేత్తల కమిటీ తేల్చి చెప్పింది 2008 డిసెంబరులో గానీ కాదు. ప్రభుత్వం అంతవరకూ ఆగలేదు. 2008 ఫిబ్రవరి 13న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. జనం చేతిలో నాలుగు డబ్బులు పెడితే వాళ్లు దుకాణాలకు వెళ్తారు, దుకాణాలు నడిస్తే ఉద్యోగాలు నిలుస్తాయి అన్నది లెక్క. అందుకని సుమారు 10 వేల కోట్ల డాలర్లు పంచిపెట్టారు. ఆ దేశానికి ఇది కొత్తేమీ కాదు. 1975లో అంతకుముందు ఏడాది కట్టిన పన్నులో పది శాతం చొప్పున, 200 డాలర్లు మించకుండా వెనక్కిచ్చారు. 2001లో ఒంటరివాళ్లకు 300, దంపతులకు 600 దాకా చెక్కులు పంపారు.

2008లో ఒక్కరికి గరిష్ఠంగా 600, కలిసి రిటర్న్ వేసే దంపతులకు 1,200, పదిహేడేళ్లలోపు పిల్లలుంటే ఒక్కొక్కరికి 300. ఇది పన్ను రిబేటు కాబట్టి కట్టిన పన్ను మేరకే వెనక్కి వస్తుంది. 420 డాలర్ల పన్ను పడినవాడికి 420 వస్తుంది. మరి పన్నే పడనంత తక్కువ సంపాదించేవాళ్ల మాటేమిటి? ఏడాదికి కనీసం 3,000 డాలర్ల జీతమో, సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పెన్షనో, మాజీ సైనికుల భత్యమో ఉంటే 300, దంపతులకైతే 600 ఇచ్చారు. పై మెట్టు మీదా ఒక గీత గీశారు. ఏడాది ఆదాయం ఒంటరివాళ్లకు 75 వేలు, దంపతులకు లక్షా 50 వేలు దాటితే, దాటిన సొమ్ములో ఐదు శాతం కోత. ఇద్దరు పిల్లలున్న దంపతుల ఆదాయం లక్షా 62 వేలనుకోండి. రావలసింది 1,800. దాటింది 12 వేలు, అందులో ఐదు శాతం 600. చేతికొచ్చేది 1,200. ఇంతవరకూ న్యాయంగానే ఉంది, నాకేం పేచీ లేదు.

పేచీ అంతా కాగితం దగ్గర వచ్చింది.

పన్నుల శాఖకు మనిషి కనబడడు, రిటర్న్ కనబడుతుంది. 2007 సంవత్సరానికి రిటర్న్ వేస్తేనే డబ్బు. మామూలుగా రిటర్న్ వేసే అవసరమే లేని వృద్ధులు ఎంతోమంది. పెన్షన్ తప్ప వేరే ఆదాయం లేదు, పన్ను లేదు, ఏళ్ల తరబడి ఆ ఫారాల మొహం చూసి ఎరగరు. వాళ్లు కూడా 1040ఎ అనే ఫారం తీసుకుని, పైన ‘స్టిమ్యులస్ పేమెంట్’ అని రాసి, లోపల నాలుగైదు గళ్లు నింపి పంపాలన్నారు. అక్టోబరు 15 ఆఖరు తేదీ. పెన్షన్ పంపుతున్నదీ ప్రభుత్వమే, ఆ పెద్దాయన చిరునామా ప్రభుత్వం దగ్గర ఉండనే ఉంది. అయినా ‘నువ్వు ఉన్నావని నువ్వే చెప్పు’ అనడం నాకు వింతగా అనిపించింది. 2020 కరోనా సమయంలో డబ్బు పంచినప్పుడూ మొదట ఇదే పాట పాడబోయి, విమర్శలు రావడంతో ఏప్రిల్ 1న మాట మార్చుకుని, పెన్షనర్లకు ఫారం లేకుండానే పంపారు. పన్నెండేళ్లు పట్టింది!

ఇక మా పక్కింటి కథ. డబ్బును ఒక్కరోజే అందరికీ పంపలేరు కాబట్టి అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే సోషల్ సెక్యూరిటీ నంబరులోని చివరి రెండు అంకెల వరుసలో పంపారు. బ్యాంకు ఖాతా ఇచ్చినవాళ్లలో 00 నుంచి 20 దాకా మొదటి విడత. మావాడి చివరి అంకెలు 14. ఏప్రిల్ ఆఖరి నుంచి పొద్దున లేవగానే ఖాతా చూసుకునేవాడు. మే మొదటి వారం దాటింది. చివరి అంకెలు 60ల్లో ఉన్న నాకు వచ్చేసింది, ఆయనకు రాలేదు.

కారణం రిటర్న్‌లో భార్య పేరు పక్కనున్న నంబరు. ఆవిడ ఉద్యోగి భార్యకిచ్చే హెచ్‌-4 వీసా మీద ఉంది, అప్పట్లో దాని మీద ఉద్యోగం చేసే వీలు లేదు, కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వలేదు. పన్ను రిటర్న్ కోసం ఇచ్చే ఐటిన్ నంబరే ఉంది. దంపతులు కలిసి రిటర్న్ వేస్తే ఇద్దరికీ సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలని చట్టం. ఒక్కరికి లేకపోతే ఆవిడ వాటా మాత్రమే కాదు, ఆయన వాటా, అమెరికా పౌరురాలైన ఆ పాప వాటా కూడా పోయినట్టే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు అయింది.

"విడివిడిగా వేసి ఉంటే?" అని ఆ రాత్రి వంటగదిలో కూర్చుని లెక్క వేశాం. ఆయన జీతం 70 వేలు. విడిగా వేస్తే ఆయనకూ పాపకూ కలిపి 900 వచ్చేది. కానీ పన్ను మూడు వేలకు పైగా పెరిగేది! పైగా కలిపి వేసిన రిటర్న్‌ను గడువు దాటాక విడదీయనివ్వరు. కాలిక్యులేటర్ పక్కన పెట్టి టీ తాగాం.

ఆ జూన్‌లోనే ఈ నిబంధనను సైనికుల కుటుంబాలకు సడలించారు. భార్యాభర్తల్లో ఒకరు సైన్యంలో ఉంటే ఒక్క నంబరు చాలన్నారు. మంచిదే. కానీ ఆ సడలింపు అక్కడితో ఆగింది. 2020 మార్చిలో వచ్చిన కరోనా సాయం చట్టంలో మళ్లీ ఇదే నిబంధన వచ్చింది, ఆ డిసెంబరులో గానీ సరిదిద్దలేదు.

విద్యార్థులది ఇంకో చిక్కు. ఎఫ్‌-1 వీసా మీద వెళ్లినవాళ్లు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు పన్ను చట్టం దృష్టిలో నాన్‌రెసిడెంట్లు, అంటే అక్కడి నివాసుల లెక్కలోకి రారు. వాళ్ల ఫారమే వేరు, 1040ఎన్‌ఆర్. వాళ్లకు రిబేటు లేదు. కానీ చాలామంది తెలియక రెసిడెంట్ల సాఫ్ట్‌వేర్‌లో 1040 నింపేస్తారు. 2020లో అలాంటివాళ్ల ఖాతాల్లో 1,200 డాలర్లు వచ్చి పడ్డాయి. సంబరం రెండు రోజులు. తర్వాత అది మీది కాదు, తిప్పి పంపండి అని ఐఆర్‌ఎస్ చెప్పింది. ఖర్చు పెట్టేసినవాళ్ల టెన్షన్ ఊహించుకోండి.

ఆ రెండంకెల వరుస మాత్రం పరిశోధకులకు పనికొచ్చింది. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్నది లాటరీ లాంటిదే కాబట్టి, డబ్బు అందిన ఇళ్లనూ ఇంకా అందని ఇళ్లనూ పోల్చి చూశారు. అందిన మూడు నెలల్లో కార్లతో సహా కలుపుకుంటే సగం నుంచి 90 శాతం దాకా ఖర్చయిందని వాళ్ల అంచనా. అంటే ప్రభుత్వం కోరుకున్నది చాలావరకు జరిగింది, డబ్బు అందినవాళ్ల విషయంలో.

మావాడికీ చివరికి అందింది. అక్టోబరులో ఆవిడకు ఉద్యోగం చేసుకునే హెచ్‌-1బి వీసా మొదలై సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చింది. 2008లో రానివాళ్లు మరుసటి ఏడాది రిటర్న్‌లో అడిగి తీసుకునే వీలు చట్టంలోనే ఉంది. 1040 ఫారంలో 70వ లైను. అక్కడ 1,500 అని వేశారు. 2009 మార్చిలో రీఫండ్‌తో కలిసి వచ్చిందని ఫోన్ చేశాడు.

"అయితే సోఫా ఎప్పుడు?" అన్నాను.

"ఇప్పుడొద్దులే అన్నా. ఆఫీసులో వారానికి నలుగుర్ని తీసేస్తున్నారు. అలా బ్యాంకులో పడి ఉండనీ" అన్నాడు.