‘మిస్‌కాండక్ట్’ అని రాసిన ఉత్తరం

ఈ ఉత్తరం చూడండి. మడతల దగ్గర చిరిగిపోయింది, అన్నిసార్లు తీసి చదివాను. టెక్సాస్ వర్క్‌ఫోర్స్ కమిషన్ అనే రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసు నుంచి వచ్చింది. అన్‌ఎంప్లాయ్‌మెంట్, అంటే ఉద్యోగం పోయినవాళ్లకి ఇచ్చే డబ్బు, ఇవ్వలేం, కారణం ‘మిస్‌కాండక్ట్’ (పనిలో తప్పుడు ప్రవర్తన) అని ఉంది. ఉద్యోగం పోయినందుకంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చాను.

బాబుకి జ్వరం వస్తే రెండు రోజులు సెలవు పెట్టాను. మేనేజర్‌కి మెసేజ్ పెడితే ‘సరే, బాబుని చూసుకోండి’ అన్నారు. మూడో రోజు వెళ్లేసరికి హెచ్ఆర్ వాళ్లు పిలిచి, చెప్పకుండా మానేశారు కాబట్టి తీసేస్తున్నాం అన్నారు. ల్యాప్‌టాప్, బ్యాడ్జ్ అక్కడే తీసేసుకున్నారు. ఆ మెసేజ్ నా సొంత ఫోన్‌లో ఉండబట్టి మిగిలింది.

అమెరికాలో చాలాచోట్ల కారణం చెప్పకుండానే ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. కానీ అన్‌ఎంప్లాయ్‌మెంట్ దగ్గర అడిగేది వేరు: మన తప్పు వల్ల పోయిందా, లేదా? తప్పు చేశామని కంపెనీయే రుజువు చెయ్యాలి. ఈ సంగతి తెలిశాకే నాకు ధైర్యం వచ్చింది.

మనవాళ్లు కొందరు ఈ డబ్బు తీసుకోవడానికి మొహమాటపడతారు. ఇది ఎవరో పెట్టే భిక్ష కాదండీ. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టంతో దేశమంతా వచ్చిన ఇన్సూరెన్స్, టెక్సాస్‌లో కంపెనీలు కట్టే పన్నుతో నడుస్తుంది. ‘పబ్లిక్ చార్జ్’, అంటే ప్రభుత్వం మీద ఆధారపడ్డారని ఇమిగ్రేషన్ వాళ్లు వేసే లెక్క, దాని కిందికీ రాదు. నాకు గ్రీన్ కార్డు ఉంది. హెచ్1బి వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి మాత్రం ఇది దొరకడం కష్టం, ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి వాళ్లకుండేది మహా అయితే 60 రోజుల గడువు.

అప్పీలుకి 14 రోజులే టైమ్. అది కూడా ఉత్తరం మన చేతికొచ్చిన రోజు నుంచి కాదు, వాళ్లు పోస్టు చేసిన తేదీ నుంచి. నా చేతికి వచ్చేసరికే ఐదు రోజులు పోయాయి! అప్పీలు నడుస్తున్నా ప్రతి రెండు వారాలకీ పేమెంట్ రిక్వెస్ట్ పెడుతూనే ఉన్నాను, ఎక్కడెక్కడ అప్లై చేశానో రాసుకున్నాను. అది ఆపేస్తే, తర్వాత గెలిచినా ఆ వారాల డబ్బు రాదు.

అప్పీలు హియరింగ్ (విచారణ) ఫోన్‌లోనే జరిగింది. మెసేజ్ స్క్రీన్‌షాట్ హియరింగ్ ఆఫీసరుకీ, కంపెనీకీ ముందే పంపాను. ప్రమాణం చేయించి మొదలుపెట్టారు. కంపెనీ తరఫున హెచ్ఆర్ ఆవిడ మాట్లాడారు. ‘ఈ విషయం మీకు స్వయంగా తెలుసా?’ అని ఆఫీసరు అడిగితే, మేనేజర్ చెప్పారండీ అన్నారు. మేనేజర్ లైన్లో లేరు. అప్పుడు ఆఫీసరు నా మెసేజ్ తేదీ, టైమ్‌తో సహా పైకి చదివారు. ‘సరే, బాబుని చూసుకోండి.’ ఫోన్ పట్టుకున్న నా చెయ్యి వణుకుతూనే ఉంది.

తర్వాత ఇంకో ఉత్తరం వచ్చింది, మొదటి నిర్ణయం కొట్టేశారు. ఆగిపోయిన వారాల డబ్బు కలిపి పడింది. ఆ సాయంత్రమే అద్దె కట్టేశాను.