చుక్క పెట్టే ముందు

అందరికీ నమస్కారం. గ్రాఫు కాగితం మీద బిందువులు గుర్తించడం గురించి మాట్లాడమన్నారు. లెక్కల్లో ఇది తేలికైన పాఠమని పేరుంది, చాలాచోట్ల ఒక్క క్లాసులో ముగించేస్తారు కూడా. నాకు మాత్రం అస్సలు తొందరపడకూడని పాఠం ఇదే అనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ పట్టు దొరకకపోతే తర్వాత వచ్చే సరళరేఖలు, పరావలయాలు అన్నీ బట్టీ పట్టడమే అవుతుంది.

ముందు వరుస సంగతి. (3, 5), (5, 3) రెండూ ఒకటి కాదు. మొదటి సంఖ్య ఎక్స్, మూలబిందువు (అడ్డ, నిలువు అక్షాలు కలిసే సున్నా చోటు) నుంచి కుడికో ఎడమకో ఎంత జరగాలో చెబుతుంది. రెండోది వై, పైకో కిందికో ఎంత వెళ్లాలో చెబుతుంది. ఈ వరుస అందరం కలిసి ఒప్పుకున్నది, అంతే. భూమి మీద ఒక చోటు చెప్పేటప్పుడు మామూలుగా అక్షాంశం ముందు చెబుతారు, అంటే ఉత్తర దక్షిణాల లెక్క ముందొస్తుంది, మన గ్రాఫులో అది రెండోది కదా. కంప్యూటర్‌లో బొమ్మలు గీసే ప్రోగ్రాములు చాలావాటిలో మూలబిందువు స్క్రీన్ పైన ఎడమ మూలన ఉంటుంది, వై పెరిగే కొద్దీ చుక్క కిందికి దిగుతుంది. అందుకే ఏ గ్రిడ్ ముందు కూర్చున్నా సున్నా ఎక్కడుంది, ధన దిశ ఎటు, ఏ సంఖ్య ముందు అని చూసుకున్నాకే పెన్సిల్ ఎత్తండి.

తర్వాత, చుక్క పెట్టకముందే అది ఎక్కడ పడాలో అనుకోండి. (−4, 2) అనగానే ఎక్స్ రుణం, వై ధనం, కాబట్టి ఎడమవైపు పైన, రెండో పాదం, అంటే రెండు అక్షాలు కాగితాన్ని విడదీసే నాలుగు భాగాల్లో రెండోది. ఇది అలవాటైతే తప్పు చోట పెట్టిన చుక్కని మీ కన్నే పట్టేస్తుంది. ఎక్కువమంది తడబడేది సున్నా దగ్గర. (0, 3)లో సున్నా అంటే పక్కకి కదలొద్దని, నేరుగా మూడు గళ్లు పైకి వెళ్లమని. ఆ చుక్క వై-అక్షం మీదే ఉంటుంది, ఏ పాదంలోకీ రాదు.

రుణ సంఖ్యలు కలవరపెడితే సిగ్గుపడకండి. సమీకరణాన్ని గీతగా చూడొచ్చని 1637లో అచ్చయిన పుస్తకంలో చూపించిన రెనె డెకార్ట్ కూడా మనలా రెండు అక్షాలు అడ్డంగా నిలువుగా గీసి నాలుగు పాదాలు వాడలేదు. అదే కాలంలో ఫెర్మా అనే గణితవేత్త కూడా విడిగా ఇదే ఆలోచనకి వచ్చాడు. మీ నోటుబుక్కులో ఉన్న నాలుగు పాదాల గ్రాఫు వాళ్ల తర్వాత స్థిరపడింది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం. వై = ఎక్స్² గీయమంటే అందరూ (−2, 4), (−1, 1), (0, 0), (1, 1), (2, 4) పెడతారు, చుక్కలన్నీ సరైన చోటే పడతాయి, ఆ వెంటనే స్కేలు తీసి కలిపేస్తారు, అడుగున కోసుగా ఉన్న బొమ్మ వస్తుంది. ఆగండి. సున్నాకీ ఒకటికీ మధ్య ఏముంది? ఎక్స్ 0.5 అయితే వై 0.25. స్కేలుతో గీసిన గీత మాత్రం అక్కడ 0.5 దగ్గర ఉంటుంది, అంటే అసలు చుక్క ఆ గీతకి కింద పడుతుంది. 1 సెంటీమీటరుని 1 యూనిట్‌గా తీసుకుంటే 0.25 అంటే రెండున్నర మిల్లీమీటర్లు, చిన్న గళ్ల మధ్యలో వెతుక్కోవాలి. 2 సెంటీమీటర్లు తీసుకుంటే సరిగ్గా 5 మిల్లీమీటర్లు, గీత మీదే పడుతుంది. ఒక యూనిట్‌కి ఎన్ని సెంటీమీటర్లో ఎంచుకోవడానికి రెండు నిమిషాలు పెడితే తర్వాత ఎంత హాయో చూడండి! ఎడమవైపు కూడా −0.5 దగ్గర ఇలాగే పెట్టండి, అడుగు భాగం గుండ్రంగా తిరుగుతుందని మీకే తెలుస్తుంది. రెండు చుక్కల మధ్య ఏముందో తెలియకుండా కలపడమంటే ఊహని గీయడమే.

సరే, ఇప్పుడు మీ వంతు. ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలలు ఇస్తున్నాను: (−3, 2), (4, 2), (4, −1). నాలుగోది ఎక్కడ? ముందు గీయకుండా చెప్పండి. నిలువు భుజం మీదున్న రెండు మూలలకీ ఎక్స్ ఒకటేనని, అడ్డ భుజం మీదున్న రెండింటికీ వై ఒకటేనని గమనిస్తే జవాబు దొరికినట్టే. తర్వాత గ్రాఫు మీద పెట్టి, వైశాల్యం 21 చదరపు యూనిట్లు వస్తోందో లేదో గళ్లు లెక్కపెట్టి చూడండి. కాగితాలు ముందు వరసలో ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి.