ఈఎల్‌డీ అంటే జీపీఎస్ కాదప్పా!

[స్క్రీన్ మీద: లారీ స్టీరింగ్ కింద గుండ్రటి 9 పిన్నుల సాకెట్టు, దానికి తగిలించిన చిన్న డబ్బా]

అమెరికా లారీ కంపెనీలకు రాత్రి షిఫ్టుల్లో లాగ్‌లు చూసే మన అనంతపురం, కర్నూలు పిల్లోళ్లు కూడా "ఈఎల్‌డీనా, జీపీఎస్సే గదా" అంటారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. ఈఎల్‌డీ అంటే ఎలక్ట్రానిక్ లాగింగ్ డివైస్, డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో ఇంజన్ నుంచే రాసుకునే డబ్బా; ఆ గంటల లెక్కే లాగ్.

మన బోరు మోటారు తీసుకోండి. గట్టు మీద నిలబడి కాలవలో నీళ్లు పారుతున్నాయా లేదా చూసేవాడు జీపీఎస్. స్టార్టరు డబ్బాలోనే కూర్చుని మోటారు ఎన్నింటికి ఎక్కింది, ఎన్నింటికి ఆగింది అని రాసుకునేవాడు ఈఎల్‌డీ.

ఆ సాకెట్టు నుంచి డబ్బా లాక్కునేవి ముఖ్యంగా నాలుగు: ఇంజన్ ఆన్‌లో ఉందా, చక్రం తిరుగుతోందా, ఎన్ని మైళ్లు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచింది. బండి ఎక్కడుందన్నది వీటికి తోడు మాత్రమే. డ్యూటీ మారినప్పుడు, ఇంజన్ వేసినప్పుడు, ఆపినప్పుడు, నడుస్తుంటే గంటకోసారి రాసుకుంటుంది. ఉన్న చోటు కూడా ఒక మైలు అటూఇటుగానే. డ్రైవరు సొంత పని మీద పోతుంటే కావాలనే 10 మైళ్ల మసక పెడతారు. ఇది నిఘా డబ్బా అని అరిచేవాళ్లు ఈ ఒక్క రూలు చదివితే చాలు.

మన దగ్గర ఫాస్టాగ్ ఉంది గదా అంటారు ఇంకొందరు. అమకతాడు టోలు ఎన్నింటికి దాటాడో, మరూరు టోలు ఎన్నింటికి దాటాడో దానికి తెలుసు. మధ్యలో గుత్తి దగ్గర ధాబాలో గంట పడుకున్నాడో, లోడు దించే చోట నిలబడ్డాడో దానికేం తెలుసు?

[స్క్రీన్ మీద: రెండు గడియారాలు, 11 ఒకటి, 14 ఒకటి]

ఇప్పుడు అసలు తలనొప్పి. సరుకు లారీ డ్రైవరు వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక 11 గంటలు నడపొచ్చు. కానీ ఆ 11 గంటలూ, డ్యూటీ ఎక్కినప్పటి నుంచి 14 గంటల లోపలే అయిపోవాలి. మళ్లీ బోరు దగ్గరికే రండి. 14 అంటే త్రీఫేజు కరెంటు ఉండే టైము. 11 అంటే మోటారు తిరిగే టైము. నువ్వు మోటారు వేయకుండా గట్టున బీడీ కాలుస్తూ కూర్చుంటే కరెంటు టైము నీకోసం ఆగుతుందా?

అమెరికా రూలును మన ఉల్లి లోడుకు పెట్టి చూద్దాం. పొద్దున 6కి కర్నూలు యార్డులో డ్యూటీ ఎక్కాడు. లోడింగుకు 4 గంటలు పోయింది. 10కి కదిలాడు. రాత్రి 8కి 14 గంటలు నిండుతాయి. మిగిలింది 10 గంటలే. 8 గంటల డ్రైవింగు నిండాక 30 నిమిషాలు ఆపాలి కాబట్టి చేతికొచ్చేది తొమ్మిదిన్నర. రాత్రి 8 తర్వాత సరుకు దించొచ్చు, కాగితాలు రాయొచ్చు, స్టీరింగ్ మాత్రం పట్టకూడదు. 11లో తగ్గిన ఆ గంటన్నర లోడింగు దగ్గర నిలబెట్టిన యజమాని తిన్నది. తిట్లు మాత్రం డబ్బాకు.

[స్క్రీన్ మీద: డ్రైవరు ఫోనులో "ఇంకా నడుపుతున్నారా?" అన్న ప్రశ్న]

బండి గంటకు 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు దాటేలోపే 'డ్రైవింగ్' అని దానంతటదే పడిపోతుంది. ఆగాక 5 నిమిషాలు కదలకపోతే అడుగుతుంది. ఇంకో నిమిషం జవాబు లేకపోతే 'డ్యూటీలో ఉన్నాడు, నడపడం లేదు' అని వేసేస్తుంది. 'విశ్రాంతి' అని వేయదు! డ్రైవరే నొక్కాలి. నొక్కడం మరిచి బండిలోని స్లీపరు పడకలో పడుకుంటే లాగ్‌లో ఆ 10 గంటల విశ్రాంతి కనబడదు. లాగ్‌లు చూసేవాళ్ల దగ్గరికి వచ్చే గొడవల్లో ఇదొకటి. దిద్దొచ్చు, కానీ ఎందుకో రాయాలి. ఆఫీసువాడు మార్పు చెప్పగలడంతే, ఒప్పుకోవాల్సింది డ్రైవరు. పాత ఎంట్రీ చెరిగిపోదు. డబ్బా తానే రాసుకున్న డ్రైవింగు టైమును మాత్రం ఎవరూ తగ్గించలేరు.

టైము అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. లాగిన్ కాకుండా నడిపితే ఆ మైళ్లు 'గుర్తు తెలియని డ్రైవరు' పేరు మీద పడతాయి; తర్వాత లాగిన్ అయినవాడిని నీవేనా అని అడుగుతుంది. జీపీఎస్ అందకపోయినా మైళ్లు ఇంజన్ నుంచి వస్తూనే ఉంటాయి, కాబట్టి జామర్ కొన్న డబ్బులు దండగ. ప్లగ్గు పీకితే? మళ్లీ పెట్టేసరికి మైళ్ల లెక్క ఎగిరి దూకినట్టు కనబడుతుంది.

డబ్బా నిజంగానే చెడిపోతే డ్రైవరు 24 గంటల్లో కంపెనీకి రాసివ్వాలి, కంపెనీ 8 రోజుల్లో బాగు చేయించాలి. అందాకా కాగితం లాగే. అందుకే 8 రోజులకు చాలే ఖాళీ లాగ్ కాగితాలు ఎప్పుడూ బండిలో ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద టీ మరకల మధ్య కాదు, చేయి పెడితే దొరికే చోట.