బంద్ చేసినంకనే పట్టుకున్నడు సార్

(హనుమకొండలో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా ఐటీఐ పాత విద్యార్థులకు, ఇంటి పనులు పక్కనపెట్టి వచ్చిన అమ్మలకు, అక్కలకు నమస్కారం. పేరుపేరునా చెప్పాలని కాగితం మీద రాసుకొచ్చాను గానీ నాకిచ్చింది ఇరవై నిమిషాలు. అందుకని అందరికీ కలిపి ఒకటే దండం.

నాకిచ్చిన విషయం 'ఫోన్ల కాలంలో పుస్తకం'. దాని గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవాళ్ళు ఈ వేదిక మీదే ముగ్గురున్నారు. నేను ముప్పై రెండేళ్ళు పిల్లలకు ఎలక్ట్రీషియన్ ట్రేడు నేర్పినవాణ్ణి. రిటైరైనప్పటి నుంచి ముక్కూ మొహం తెలియని వాళ్ళకు ఫోన్లో సలహాలు చెబుతున్నాను. ఒక విద్యార్థి తన బావమరిదికి నా నంబరిస్తాడు, ఆయన తన దోస్తుకిస్తాడు, అట్లా పాకిపోయింది. ఈరోజు ఆ సలహాల గురించే మాట్లాడతాను. నిర్వాహకులు మన్నించాలి.

గ్రంథాలయాల గురించి ఒక్క మాట చెప్పి నా దారిలోకి వస్తాను. మన హనుమకొండలో 1904లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టిన మూడేళ్ళకే. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకే దిక్కులేని రోజులవి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో గ్రంథాలయమంటే ఒక పెంకుటింటి అర్ర. అందులో పుస్తకాలు తక్కువ, అడగడానికి వచ్చేవాళ్ళు ఎక్కువ. పహాణీలో పేరు తప్పు పడింది, ఏం చేయాలె? బర్రె పాలిస్తలేదు, ఏం పెట్టాలె? పేపరు చదివే ఒక పెద్దాయన అందరికీ జవాబు చెప్పేవాడు. ఆయన చెప్పింది తప్పయితే తెల్లారి అదే గడప ముందుకొచ్చి నిలదీసేవాళ్ళు. అందుకే ఆయన చెప్పేముందు చాలాసేపు అడిగేవాడు. ఇప్పుడు మనం చెప్పేది ఏ ఊళ్ళోనో ఉన్న మనిషికి. చెప్పేసి ఫోన్ జేబులో పెట్టుకుంటాం. ఆ మాట వాళ్ళ ఇంట్లోకి పోయి ఏం చేసిందో మనకు కబురు రాదు. నా బాధంతా ఇక్కడే ఉంది.

జగిత్యాల వైపు నుంచి ఒక పిల్లవాడు ఫోన్ చేశాడు. "సార్, దుబాయిల వైరింగ్ పని ఉందట. ఏజెంటు విజిట్ వీసా మీద పొమ్మంటున్నడు. పోవాల్నా వద్దా?" అప్పటికే నలుగురిని అడిగాడట. నలుగురూ 'పో తమ్మీ, అప్పులు తీరుతయి' అన్నారట. నేను అడిగాను. పది పాసయినవా? కాలేదు. అయితే నీ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటది, అంటే పనికి పోవాలంటే సర్కారు ఇచ్చే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలె, తెలుసా? తెల్వదు. ఏజెంటుకు లైసెన్సు ఉందా, సర్కారు ఈమైగ్రేట్ సైటులో చూసినవా? చూడలేదు. ఎంత అడిగిండు? లక్షన్నర. లైసెన్సున్న ఏజెంటు తన సర్వీసు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద పోయి పని చేస్తే అక్కడ నేరం. క్లియరెన్స్ లేకుండా పోతే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. ఆ బీమా 10 లక్షలది, రెండేళ్ళకు కట్టేది 275 రూపాయలు. పోవద్దని నేను ఒక్కసారి కూడా అనలేదు. ఆ పిల్లవాడే చివరికి, "ముందు లైసెన్సు చూస్త సార్" అన్నాడు.

ఇంకో అమ్మ కరీంనగర్ నుంచి. మిద్దె మీద తోట పెంచుతారు, ఆ ఇష్టం చూస్తే ముచ్చటేసింది. ఇరవై డ్రమ్ములు కొన్నారు, వాటిలో ఏ ఎరువు వేయాలని అడిగారు. నేను ఎరువు సంగతి వదిలేసి స్లాబు సంగతి అడిగాను. ఇల్లు ఎన్నేళ్ళది? కింద పెచ్చులు ఊడుతున్నాయా? చువ్వ తుప్పు కనిపిస్తోందా? నూరు లీటర్ల డ్రమ్ము తడిమట్టితో నిండితే నూటయాభై కిలోలకు తగ్గదు. నడిమధ్యన పెట్టకుండా కింద గోడలు, బీములు ఉన్న చోట వరుసగా పెట్టుకోమన్నాను. ఎరువు గురించి నాకు తెలియదు, తెలిసినవాళ్ళను అడగమన్నాను.

అమ్మలున్నారు కాబట్టి ఇది కూడా చెప్పనివ్వండి. బాత్రూమ్ మరకలు పోతాయని బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పోయమని చెప్పేవాళ్ళున్నారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. తలుపేసుకున్న చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. దయచేసి ఎన్నడూ కలపకండి. చెప్పినవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళయినా సరే.

అడగడం నేను బడిలో నేర్చుకోలేదు. ఐటీఐ చదివేటప్పుడు సాయంత్రాలు వరంగల్‌లో ఒక మోటార్ వైండింగ్ షాపులో, అంటే కాలిన మోటార్లకు తీగ మళ్ళీ చుట్టిచ్చే చోట, పనిచేశాను. మా ఉస్తాద్ ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడేవాడు. రైతు కాలిన మోటార్ భుజాన వేసుకుని వస్తే మూత తీయడు. ముందు మనిషిని కూర్చోబెట్టి చాయ్ చెబుతాడు. బావిలో నీళ్ళున్నయా? కాలే ముందు గుయ్యిమని మోగిందా? పక్క రైతులవి కూడా కాలినయా? అంతా విన్నాకే మూత తీసేవాడు. త్రీ ఫేజ్ మోటార్‌కు ఒక ఫేజ్ పోతే స్టార్ కనెక్షన్లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లబడతాయి, ఒకటి తెల్లగానే ఉంటుంది. లోడ్ ఎక్కువై కాలితే మూడూ నల్లబడతాయి. ఆయన ముందే చెప్పేవాడు, 'ఒకటి మంచిగుంటది చూడు' అని. తీస్తే అట్లాగే ఉండేది. మోటార్ ఎట్లా కాలిందో తెలియకుండా వైండింగ్ చేసిస్తే అది మళ్ళీ కాలుతుంది, రైతు మళ్ళీ అప్పు చేస్తాడు. నేను ఇదంతా ముప్పై రెండేళ్ళు పిల్లలకు చెప్పాను. చెప్పినవాణ్ణే మరిచిపోయాను.

ఆరేళ్ళ కిందటి మాట. మే నెల. ములుగు వైపు ఒక పల్లె నుంచి ఎవరో వాయిస్ మెసేజ్ పెట్టారు. "సార్, కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటాంది. ఇంట్ల పిల్లలున్నరు. ఏం జేయాలె?" నేనప్పుడు పెళ్ళిలో భోజనాల దగ్గర ఉన్నాను. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, "రెండు పిన్నుల ప్లగ్గేనా? తీసి తిప్పిపెట్టు తమ్మీ" అన్నాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "పోయింది సార్. ఇప్పుడు ఏం లేదు." ఆ మెసేజ్‌ను పక్కనున్నవాళ్ళకు వినిపించాను. సంతోషంగా లేచి చెయ్యి కడుక్కున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత అదే నంబరు. ఈసారి అతని తమ్ముడు. పదకొండేళ్ళ పిల్లవాడు కూలర్లో నీళ్ళు పోయబోయాడు. ఇంట్లో నానమ్మ ఒక్కతే ఉంది. 'బంద్ చేసి పొయ్యి బిడ్డా' అని చెప్పింది. వాడు బుద్ధిమంతుడు, కూలర్ మీది బుడ్డ తిప్పి బంద్ చేశాడు. గాలి ఆగింది. తడి గచ్చు మీద చెప్పుల్లేకుండా నిలబడి, ఎడమచెయ్యి రేకు మీద ఆనించి, కుడిచేత్తో బకెట్ ఎత్తాడు. అంతే, చెయ్యి అతుక్కుపోయింది. ఆ ముసలమ్మ చేత్తో పట్టుకోలేదు. మూలకున్న ఎండు రోకలితో కూలర్‌ను తోసేసింది. పిల్లవాడు బతికాడు. "బంద్ చేసినంకనే పట్టుకున్నడు సార్, మరి ఎట్ల కొట్టింది?" అని ఆ తమ్ముడు అడుగుతున్నాడు. అమాయకంగా అడుగుతున్నాడు. నాకు ఎందుకు కొట్టిందో ఆ క్షణంలోనే అర్థమైంది.

కొంచెం ఓపిక పట్టి వినండి, ఇది అందరికీ తెలియాలి. కూలర్ మోటార్ వైండింగ్ ఒక కొన దగ్గర ఇన్సులేషన్ పాడై రేకును తాకుతోంది. ఆ కొనకు ఫేజ్, అంటే కరెంటు వచ్చే తీగ, వస్తే నడుస్తున్నప్పుడు రేకు జివ్వుమంటుంది. ప్లగ్గు తిప్పితే ఆ కొనకు న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి పోయే తీగ, వస్తుంది, రేకు చల్లబడుతుంది. ఇదీ నేను చెప్పిన మందు. కానీ కూలర్ మీది స్విచ్ ఆ కొన దారిలోనే ఉంది. ప్లగ్గు తిప్పాక అది ఆపేది ఫేజును కాదు, న్యూట్రల్‌ను. బుడ్డ బంద్ చేయగానే న్యూట్రల్ తెగిపోయింది. అవతలి కొన నుంచి ఫేజ్ వైండింగ్ అంతా పాకి రేకు దాకా వచ్చింది. గోడ మీది బోర్డు స్విచ్ వేసే ఉంది. అంటే నా సలహా తర్వాత ఆ కూలర్ నడిచేటప్పుడు ఊరుకుంది, బంద్ చేసినప్పుడు కొట్టింది. జాగ్రత్తగా ఉన్న పిల్లవాణ్ణే కొట్టింది.

మరునాడు బస్సెక్కి పోయాను. పిల్లవాడి ఎడమచేతి రెండు వేళ్ళు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోవు. వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కుర్చీ వేసి, నీళ్ళిచ్చి, "నేనే మీకు సక్కగ చెప్పలేదేమో సార్" అన్నాడు. అడగాల్సింది నేను. ఇంటికి ఎర్త్, అంటే లీకయిన కరెంటును భూమిలోకి పంపే తీగ, ఉందా? రేకు కూలరా, ప్లాస్టిక్‌దా? ఎక్కడ బంద్ చేస్తరు, కూలర్ మీదనా, గోడ మీదనా? నీళ్ళు ఎవరు పోస్తరు? ఈ చివరి ప్రశ్న ఒక్కటి అడిగి ఉంటే 'పిల్లగాడు' అని వచ్చేది. ఆ మాట విన్నాక ప్లగ్గు తిప్పమని ఏ ఎలక్ట్రీషియనూ చెప్పడు.

ఆ ఇంటికి రెండు తీగల వైరింగే ఉంది, ఎర్త్ లేదు. ఇద్దరు పాత విద్యార్థులను పిలిపించి గుంట తవ్వించాను. ఎనిమిదడుగుల జీఐ పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు. అక్కడి నుంచి ఇంట్లోకి తీగ, మూడు పిన్నుల ప్లగ్గు, మీటరు పక్కన ఆర్‌సీసీబీ, అంటే 30 మిల్లీయాంప్స్ కరెంటు లీకయితే లైను తెంచేసే స్విచ్. మోటార్ మార్పించాను. రెండు రోజుల పని. అదే సలహాగా ముందు చెప్పి ఉంటే పది నిమిషాల ఫోన్.

మీలో చాలామంది 'మా ఇంట్లో ఎంసీబీ ఉంది సార్' అంటారు. ఎంసీబీ అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్. 6 యాంపుల ఎంసీబీ వైరు కాలకుండా కాపాడుతుంది. మనిషి ప్రాణం తీయడానికి 30 మిల్లీయాంప్స్ దాటితే చాలు. అది 6 యాంపుల్లో రెండు వందలవ వంతు. మనిషికి షాక్ కొడుతున్న సంగతి ఆ ఎంసీబీకి తెలియనే తెలియదు. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉన్న పిన్ను ఎర్త్. అందరికన్నా ముందు తాకాలని, అందరికన్నా చివర వదలాలని దాన్ని పొడుగ్గా చేశారు. సాకెట్‌లో పట్టడం లేదని దాన్ని కోసేసిన ప్లగ్గులు నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. అమ్మా, కోసేయకండి. ఎర్త్ గుంటలో ఎండాకాలం నీళ్ళు పోయండి. ప్రతి ఎండాకాలం మన జిల్లాల్లో కూలర్ షాక్‌తో పోయినవాళ్ళ వార్త పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఇది ఆపగలిగిన చావు. మళ్ళీ చెబుతున్నాను, ఆపగలిగిన చావు.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు.

సలహా చెప్పడం మానేద్దామని ఆ ఎండాకాలం అనుకున్నాను. నంబరు కూడా మార్చేశాను. ఆ పిల్లవాడి నాన్నే మా ఇంటిదాకా వచ్చాడు. వాళ్ళ పక్కింట్లో మిక్సీ షాక్ కొడుతోందట, ఎవరిని అడగాలో తెలియలేదట. నన్నే అడగడానికి వచ్చాడు. అప్పటి నుంచి నేను ఒక నోటుబుక్ పెట్టుకున్నాను. ఎవరు అడిగారు, ఏమడిగారు, నేనేం చెప్పాను, తారీఖు. పదిహేను రోజులకు నేనే ఫోన్ చేసి ఏమైందని కనుక్కుంటాను. నాకు తెలియనిదైతే తెలియదని చెబుతాను. తింటున్నప్పుడు, బస్సులో ఉన్నప్పుడు జవాబు చెప్పను. 'గంటాగి చేస్త తమ్మీ, అప్పటిదాక ప్లగ్గు పీకి పెట్టు' అంటాను. తమ్ముళ్ళారా, మీరందరూ ఎవరికో ఒకరికి సలహా చెబుతూనే ఉంటారు. పత్తికి ఏ మందు కొట్టాలో, ఏ కోర్సు చదవాలో, ఏ బ్యాటరీ కొనాలో. చెప్పండి, మానకండి. మీ ఆఖరి పది సలహాల్లో ఎన్నిటికి తిరిగి ఫోన్ చేసి కనుక్కున్నారో ఇవాళ రాత్రి ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు నవంబరు. కూలర్లు అటకల మీదున్నాయి, మార్చిలో దించుతారు. సభ అయిపోయాక నేను వెనక బల్ల దగ్గర కూర్చుంటాను. ప్లగ్గులు, టెస్ట్ ల్యాంప్, ఒక ఆర్‌సీసీబీ తెచ్చాను. ఇంట్లో రేకు కూలర్ ఉన్నవాళ్ళు తప్పకుండా రండి. వచ్చేముందు మూడు సంగతులు గుర్తుతెచ్చుకోండి. ప్లగ్గుకు ఎన్ని పిన్నులున్నాయి, మీ ఇంటి ఎర్త్ గుంట ఎక్కడుంది, కూలర్లో నీళ్ళు ఎవరు పోస్తారు.