తెల్లవారుజామున బీచ్ రోడ్డు

శ్రోతలకు నమస్కారం.

తెల్లవారుజామున నాలుగు గంటలకు మన బీచ్ రోడ్డును ఎప్పుడైనా చూశారా? మామూలు రోజుల్లో ఆ వేళకు అక్కడ వీధిదీపాలు, సముద్రపు హోరు, వేటకు బయలుదేరే జాలర్లు తప్ప మరేమీ కనిపించవు. ఏడాదిలో ఒక్క రోజు మాత్రం ఆర్కే బీచ్ దగ్గర ఆ చీకట్లోనే వందలాది మంది పోగవుతారు. పిక్కలకు నొప్పి మందు రాసుకునేవారు కొందరు. ఒకసారి కట్టిన బూటు తాళ్లను విప్పి మళ్లీ కట్టుకునేవారు ఇంకొందరు. ఛాతీ మీద నంబరు చీటీ సరిగా ఉందో లేదో తడిమి చూసుకునేవారు మరికొందరు. దూరంగా యారాడ కొండ మీద దీపస్తంభం వెలుగుతూ ఉంటుంది. అది వైజాగ్ నేవీ మారథాన్ జరిగే రోజు. తూర్పు నౌకాదళం అండతో 2014లో మొదలైన పరుగు ఇది. కోవిడ్ కాలంలో ఆగి, మళ్లీ లేచి, ఈ ఊరి పంచాంగంలో ఒక తిథిలా స్థిరపడింది.

ఈ పరుగులో నేను పాల్గొన్నది తక్కువ. తెన్నేటి పార్కు మలుపు దగ్గర బల్ల వేసుకుని నీళ్లు అందించింది ఎక్కువ. అందుకే గెలిచినవారి పేర్ల కంటే రోడ్డు కథే నన్ను ఎక్కువగా ఆకర్షిస్తుంది. ఒక నగరం తన రోడ్డును కొన్ని గంటల పాటు కాలినడక మనుషులకు వదిలిపెట్టడం వెనుక చాలా పెద్ద చరిత్ర ఉంది.

మొదట దూరం సంగతి. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో తొలి మారథాన్ జరిగినప్పుడు దూరం సుమారు 40 కిలోమీటర్లు. గెలిచిన స్పిరిడాన్ లూయిస్ నీళ్లు మోసి బతికే గ్రీకు యువకుడు. ఇప్పుడు మనం చెప్పుకునే 42 కిలోమీటర్ల 195 మీటర్ల కొలత 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది. విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటు ముందు ముగించాలని దారి గీశారు. ఆ దారి పొడవే 1921లో ప్రపంచమంతటికీ నియమమైంది. భీమిలి దారిలో మన కుర్రవాడు ఆఖరి 195 మీటర్లకు ఆపసోపాలు పడుతున్నాడంటే, ఆనాటి రాజుగారి ఆసనమే కారణం!

ఆ 1896లోనే మరొకటి జరిగింది. స్టమాటా రెవితీ అనే పేదరాలు ఆ పోటీలో పరుగెత్తుతానని వచ్చింది. రానివ్వలేదు. మర్నాడు ఆమె ఒంటరిగా అదే దారిలో పరుగెత్తి ఏథెన్స్ చేరింది. స్టేడియంలోకి మాత్రం అడుగు పెట్టనివ్వలేదు. ఈ కథ విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. పరుగెత్తడానికి రోడ్డు చాలు, కానీ పరుగెత్తావని ఒప్పుకోవడానికి ఎవరో ఒక గేటు తెరవాలి. ఆ గేటు తెరుచుకోవడానికి ముప్పావు శతాబ్దం పట్టింది.

అమెరికాలో బోస్టన్ మారథాన్ 1897లో మొదలైంది. ప్రపంచంలో ఏటేటా జరిగే మారథాన్లలో అదే అన్నిటికంటే పాతది. మొదటి ఏడాది పరుగుకు నిలబడినవారు 15 మంది, చివరిదాకా వెళ్లినవారు 10 మంది. అందరూ మగవారే. ఆడవారి శరీరం అంత దూరాన్ని తట్టుకోలేదని పెద్దలు గట్టిగా నమ్మేవారు. ఒలింపిక్స్‌లో 1928లో ఆడవారికి 800 మీటర్ల పరుగు పెట్టి, వెంటనే తీసేసి, 1960 దాకా మళ్లీ పెట్టలేదంటే ఆ నమ్మకం ఎంత లోతుగా ఉండేదో ఊహించండి.

1966లో బాబీ గిబ్ అనే యువతి బోస్టన్‌లో పరుగు మొదలయ్యే చోట పొదల వెనుక దాక్కుంది. కొందరు ముందుకు సాగాక జనంలో కలిసిపోయింది. 3 గంటల 21 నిమిషాల్లో ముగించింది. మరుసటి ఏడు క్యాథరీన్ స్విట్జర్ తన పేరును పొడి అక్షరాలతో రాసి నంబరు సంపాదించింది. 261. దారి మధ్యలో నిర్వాహకుల్లో ఒకరు ఆమె మీదికి వచ్చి ఆ చీటీని లాగేయబోయారు. పక్కన పరుగెత్తుతున్న స్నేహితుడు ఆయనను తోసేశాడు. ఆ దృశ్యం ఫొటోలుగా లోకమంతా తిరిగింది. 1972లో బోస్టన్ ఆడవారికి అధికారికంగా దారి ఇచ్చింది. ఎనిమిది మంది నిలబడ్డారు, ఎనిమిది మందీ పూర్తి చేశారు. ఆ ఎనిమిది మందిలో మొదట వచ్చింది నీనా కుస్సిక్. ఒలింపిక్స్‌లో ఆడవారి మారథాన్ అయితే 1984 దాకా లేనే లేదు. అంటే ఈ మాటలు వింటున్న మీలో చాలామంది అప్పటికే పుట్టి ఉంటారు.

ఇక న్యూయార్క్. 1970లో అక్కడి మారథాన్ ఒక పార్కు లోపలి చుట్లతో మొదలైంది. రుసుము ఒక్క డాలరు. 127 మంది బయలుదేరితే 55 మంది మిగిలారు. గెలిచింది అగ్నిమాపక శాఖలో పనిచేసే గ్యారీ ముహర్కీ. దారి పొడవునా చూసేవారు తక్కువ, పార్కులో షికారుకు వచ్చినవారే ప్రేక్షకులు. 1976లో ఫ్రెడ్ లెబో, ఆయన తోటివారు దాన్ని పార్కు దాటించి నగరంలోని అయిదు విభాగాల వీధుల మీదికి తెచ్చారు. ఆ ఏడాది రెండు వేల మందికి పైగా వచ్చారు. నగర మారథాన్ చరిత్రలో అసలు మలుపు అదేనని నా నమ్మకం. పార్కులో ఉన్నంత కాలం అది పరుగుపిచ్చి ఉన్న కొందరి వ్యవహారం. వీధిలోకి వచ్చాక గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టే ముసలమ్మకు కూడా అందులో భాగం దొరికింది. ఆ తరువాత లండన్ 1981లో, మన ముంబయి 2004లో ఆ దారే పట్టాయి.

అదే న్యూయార్క్‌లో 2012 అక్టోబరు చివర శాండీ తుపాను వచ్చింది. కొద్ది రోజుల్లో మారథాన్ ఉంది. ఇళ్లలో దీపాలు లేని చోట పరుగు పందెమా, ఆ జనరేటర్లు, ఆ నీళ్లు బాధితులకు ఇవ్వాలి కదా అని జనం నిలదీశారు. పందెం రద్దయింది. అప్పటికే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పరుగువారిలో వందలాది మంది ఆ ఆదివారం వీపు సంచుల్లో దుప్పట్లు, తిండి సరుకులు నింపుకుని స్టాటెన్ దీవికి వెళ్లి, ముంపుకు గురైన ఇళ్లకు పంచారు.

ఈ మాట నేను మనవారికి చెప్పడానికి కారణం ఉంది. దాదాపు రెండేళ్లకు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను మన తీరాన్నే తాకింది. కైలాసగిరి పచ్చదనం ఒక్క రోజులో ఊడ్చుకుపోయింది. బీచ్ రోడ్డు కొన్నిచోట్ల కోసుకుపోయింది. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్లు లేవు, విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది. మన మారథాన్ పుట్టిన ఏడు కూడా అదే. అందుకే ఈ రోడ్డు మీద పరుగు నాకు సరదాగా మాత్రమే అనిపించదు. మోడు కొమ్మలు, విరిగిన స్తంభాలు అడ్డం పడి మనిషి నడవలేకపోయిన రోడ్డు ఇది. దాన్ని శుభ్రం చేసిన మున్సిపల్ కార్మికులు, విద్యుత్ కార్మికులు, నావికులు నాకు ప్రతి ఏడూ గుర్తొస్తారు.

మన దారి సంగతి చెప్పనివ్వండి. ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్తుంటే సముద్రం కుడి చేతి వైపు ఉంటుంది. 2001లో విశ్రాంతి తీసుకుని ఒడ్డుకు చేరిన కురుసుర జలాంతర్గామి, 1971 యుద్ధానికి గుర్తుగా కట్టిన విజయ స్మారకం ఆరంభంలోనే కనిపిస్తాయి. కైలాసగిరి కిందకు వచ్చేసరికి రోడ్డు పైకి లేస్తుంది. చదును నేల మీద సాధన చేసినవారికి అక్కడ ఆయాసం తెలుస్తుంది. తరువాత సాగర్ నగర్, రుషికొండ. ఆ సరికి సముద్రంలోంచి సూర్యుడు లేస్తాడు. చూడటానికి ఎంత అందమో, పరుగువారికి అంత పరీక్ష. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట పడుతుంది కానీ ఆరదు. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. చీకట్లోనే పరుగు మొదలుపెట్టడం అందుకే.

30 కిలోమీటర్ల దగ్గర ఒక గోడ ఎదురవుతుందని పరుగువారు చెబుతారు. అది ఊహ కాదు. 60 కిలోల మనిషికి కిలోమీటరుకు దాదాపు 60 కిలో క్యాలరీలు ఖర్చు, మొత్తం దూరానికి రెండున్నర వేలు. కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న చక్కెర ఇంధనం, అంటే గ్లైకోజెన్, ఇచ్చేది సుమారు రెండు వేలే. అది అయిపోయినప్పుడు కాళ్లు మాట వినవు. మన దేశంలో శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో ఈ దూరం పూర్తి చేశాడు. బూట్లు లేకుండా పరుగెత్తడంలో పేరు పొందిన ఆ బీహారు సైనికుడి రికార్డు నాలుగు దశాబ్దాలకు పైగా చెక్కుచెదరలేదు. నీళ్ల బల్ల దగ్గర నేను నేర్చుకున్నది ఇంకొకటి. ఉత్త నీళ్లు అదే పనిగా తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి మనిషి తూలిపోతాడు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ ఇంటి నుంచి తెచ్చి పెట్టుకోవడం నాకు అలవాటు.

ఒక ఏడు ఉదయం ఏడు గంటల వేళ చేపల తట్ట దించుకుని ఒక తల్లి నా బల్ల దగ్గర ఆగింది.

"బాబూ, ఆటోలు ఎప్పుడు వదులుతారు?"

"తొమ్మిది దాటుతుందమ్మా."

"తొమ్మిదికి నా చేప ఎవరు కొంటారు? ముందు చెబితే రాత్రే వేరే ఏర్పాటు చేసుకునేదాన్ని కదా."

నా దగ్గర జవాబు లేదు. మజ్జిగ ఇస్తే తాగింది. తట్ట నెత్తికెత్తుకుని పెదవాల్తేరు వైపు నడక సాగించింది. అప్పటికి అటువైపే తిరిగి వస్తున్నవారిలో కాళ్లు పట్టేసి నడుస్తున్న వారు చాలామంది. ఆమె వారిలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ వెళ్లిపోయింది.

నేనైతే నిర్వాహకులను రెండు కోరికలు కోరుతున్నాను. రోడ్డు మూసే వేళలను జాలరిపేట, జోడుగుళ్లపాలెం వంటి చోట్ల ముందు రోజే మైకులో చెప్పించండి. ఈ రోడ్డు మీద బతుకు నడిపేవారికి ఆ కబురు అందరికంటే ముందు చేరాలి. రెండోది, ఆడపిల్లల గురించి. చిన్న దూరాల్లో వారు గుంపులుగా కనిపిస్తారు, పెద్ద దూరానికి వచ్చేసరికి పలుచబడతారు. తెలివో ఓపికో తక్కువై కాదు. మారథాన్ సాధనకు వారానికోసారి మూడు గంటలు పరుగెత్తాలి. ఈ ఎండల ఊళ్లో అది చీకట్లోనే సాధ్యం. ఆ వేళ ఒంటరిగా బయలుదేరే కూతురును ఏ తల్లి నిశ్చింతగా పంపుతుంది? సాగర్ నగర్ దాటాక కూడా ఏడాది పొడవునా దీపాలు వెలగాలి, గస్తీ తిరగాలి.

ఈసారి పరుగు రోజున మీ బస్సు దారి మళ్లితే విసుక్కోకండి. తెన్నేటి పార్కు మలుపు దాకా రండి. నీళ్ల బల్ల దగ్గర ఎప్పుడూ ఇద్దరు మనుషులు తక్కువే పడతారు. గ్లాసును అడుగున అరచేతిలో నిలబెట్టి, చేయి చాచి, పరుగువారితో పాటు రెండడుగులు వేస్తే చాలు, నీళ్లు ఒలకవు. చివరివారు వచ్చేసరికి పది కావచ్చు. వారి కోసం రెండు గ్లాసుల మజ్జిగ తీసి పక్కన పెట్టండి.

నమస్కారం.