హెడ్ నట్లు రెండోసారి బిగించకుండా బండి రోడ్డెక్కించొద్దు

నమస్తే అండి, హన్మకొండ షెడ్ నుంచి. పోయిన వీడియోలో ఈ అంబాసిడర్ ఇంజిన్ బోర్ చేయించి, కొత్త హెడ్ ప్యాకింగ్ (సిలిండర్లున్న బ్లాక్‌కీ, దాని మీద మూతలా కూర్చునే హెడ్‌కీ మధ్య వేసే గ్యాస్కెట్) వేసి స్టార్ట్ చేశాం కదా. టార్క్ రెంచితో, అంటే సెట్ చేసిన బలం రాగానే టక్ మనే రెంచితో, హెడ్ నట్లు ఒకసారి బిగించాక మళ్లీ ఎందుకని చాలామంది అడిగారు.

ప్యాకింగ్ అణుగుతుంది, అందుకు. ఇది 1489 సీసీ బీఎంసీ బీ సిరీస్ పెట్రోల్ ఇంజిన్, ఇనప బ్లాక్, ఇనప హెడ్, మధ్యలో పాతరకం ప్యాకింగ్. మొదటిసారి బాగా వేడెక్కి చల్లారేసరికి అది ఇంకాస్త పలచబడుతుంది, ఆ మేరకు నట్టు ఎక్కే స్టడ్‌లో బిగువు పోతుంది, పైకి మాత్రం నట్టు గట్టిగానే ఉన్నట్టు అనిపిస్తుంది. అలాగే వదిలేసి మన మే నెల ఎండలో తిప్పితే గ్యాస్ రేడియేటర్ నీళ్లలోకి దూరుతుంది, ఇక హెడ్ మళ్లీ దించుడే.

బండి రాత్రంతా ఆగి ఉంది, హెడ్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ఇలా ఉన్నప్పుడే పట్టాలి. 11 పెద్ద నట్లు, వాటిలో నాలుగు, వాల్వ్‌లను నొక్కే రాకర్ల షాఫ్ట్ బ్రాకెట్లను కూడా పట్టుకుని ఉంటాయి. మధ్యలో మొదలుపెట్టి మాన్యువల్ వరసలో చివర్లకు పోవాలి.

ఇప్పుడు చూడండి, రెంచి పెట్టి నేరుగా లాగితే టక్ మంది, నట్టు కదల్లేదు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ టక్‌ను నమ్మొద్దు! పట్టేసిన నట్టు కదలడానికే ఎక్కువ బలం కావాలి, అది కదిలేలోపే రెంచి లెక్క అయిపోతుంది. అందుకే పావు చుట్టు లోపు వదులు చేసి, అక్కణ్ణుంచి ఆగకుండా ఒకే లాగుడులో మాన్యువల్ అంకె దాకా తేవాలి. నట్టు మీద, పక్కన హెడ్ మీద కలిపి తెల్ల గీత గీశాను కదా, నట్టు మీది గీత ముందుకు దాటింది చూశారా? పోయిన బిగువు అదే. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి, అన్నీ కలిపి వదులు చేయనే చేయొద్దు.

తర్వాత టాపెట్లు, అంటే రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య గ్యాప్, చూడాల్సిందే. హెడ్ కాస్త దిగితే రాకర్లూ దిగుతాయి, కింది నుంచి రాకర్‌ను తోసే పుష్‌రాడ్ పొడవు మారదు కాబట్టి గ్యాప్ తగ్గుతుంది, ఎగ్జాస్ట్ వాల్వ్ సరిగ్గా మూసుకోక కాలిపోతుంది. ఎనిమిదో వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది సెట్ చేయాలి, ఏడోది తెరుచుకుంటే రెండోది, రెండు వాల్వ్‌ల నంబర్లు కలిపితే 9 రావాలి.

కొత్త కార్ల జోలికి మాత్రం ఇలా పోవద్దు. వాటిలో చాలావరకు సాగే బోల్టులు, ఉక్కు రేకుల ప్యాకింగ్, డిగ్రీల లెక్కన ఒకసారి తిప్పితే అంతే. పాత బండికైనా ప్యాకింగ్ డబ్బా మీద మళ్లీ బిగించొద్దని ఉంటే దాని మాటే వినాలి.

ఇక దీన్ని రామప్ప దాకా మెల్లగా తిప్పుకొస్తాం. 500 కిలోమీటర్లు నిండాక ఇదే వరసలో ఇంకోసారి చెక్ చేసి, ఏ నట్టు ఎంత తిరిగిందో చూపిస్తా.